విరిగిన డేక్సా చెవి

ఒక మనిషి ఎన్నో ఏళ్లుగా నన్ను గురువని దండం పెడుతున్నాడు. ఆ దండమే నా మీది బరువు. మీరు నా మొహం ఎరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నారాయణఖేడ్‌లో నాకు గ్యాస్ వెల్డింగ్ దుకాణం ఉండేది. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాది హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో, నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పట్టి నేర్చుకున్నాను. మా దగ్గర అల్యూమినియాన్ని సిల్వరు అంటారు, అంతా ఒకటే అనుకుంటారు. ఒకటి కాదు! ఆ మాట మీద ఎంతమందితో కొట్లాడానో. పెళ్లివంటలు వండే పెద్ద గిన్నె, అదే డేక్సా, దాని ఒళ్లు దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం రేకు. పట్టుకుని ఎత్తే చెవులు పోతపోసినవి, వాటిలో సిలికాన్ ఉంటుంది. ఆ రెంటినీ కలపడానికి సిలికాన్ కడ్డీ కావాలి. అందరూ వాడే కరెంటు తీగ ముక్కతో అతికితే పైకి బాగానే కనిపిస్తుంది. చల్లారేటప్పుడు లోపల వెంట్రుకంత పగులు పడుతుంది. అతికేటప్పుడు చల్లే పౌడరును కూడా తర్వాత బాగా కడిగెయ్యాలి, లేకపోతే అది లోహాన్ని తినేస్తుంది. నా దుకాణానికి కాస్త అవతల వెల్డింగ్ చేసే మొగులయ్యకు ఇది నేర్పింది నేనే. కడ్డీలు ఇచ్చిందీ నేనే.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, పెళ్లిళ్ల వంటలు చేసే ఖాదర్ పెద్ద డేక్సాకు చెవి ఊడితే మొగులయ్య అతికాడు. కొన్నాళ్లకు రెండో చెవి ఊడింది. ఈసారి ఖాదర్ దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. నా దగ్గర కడ్డీలు అయిపోవచ్చాయి. ఒక ఆఫీసరు జీపు ఇంజను కింద ఆయిలు ఉండే చాంబరు అతుక్కి రావలసి ఉంది. ఉన్న కడ్డీలు దానికోసం దాచి, డేక్సాకు తీగ వాడాను. తెలియక కాదు. వంటవాడి గిన్నెకు ఇది చాలులే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికే ఇంత వయసు పట్టింది.

పెళ్లిలో ఉడుకుతున్న పప్పు దించుతుంటే చెవి ఊడింది. ఖాదర్ కాలు తొడ నుంచి పాదం దాకా కాలిపోయింది. బతికాడు. మోకాలు మాత్రం మళ్లీ వంగలేదు, పొయ్యి దగ్గర పని పోయింది.

మర్నాడు మొగులయ్య ఆ డేక్సానూ ఊడిన చెవినీ మోసుకొచ్చాడు.

"అన్నా, జర చూసి చెప్పు. ఊడింది నేనతికిందా, నువ్వతికిందా? మసి పట్టి రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్."

చూశాను. విరిగినచోట తెల్లగా ఉంది. సిలికాన్ కడ్డీ అతుకైతే బూడిదరంగు తిరుగుతుంది. తెల్లనిది తీగ. అంటే నాది. రంగు సంగతి నేను మొగులయ్యకు నేర్పలేదు. గురువు దగ్గర ఏదో ఒకటి మిగలాలి కదా!

"నీదే" అన్నాను.

"నువ్విచ్చిన కడ్డీనే వాడిన గదనే?"

"కడ్డీ మంచిదే తమ్మీ. అతికినంక పౌడరు సక్కగ కడగలే నువ్వు. గదే లోపట తిన్నది."

"కడిగిన అనుకుంటున్న..."

"అనుకుంటే అయితదా?"

అతడు ఊడిన చెవిని డేక్సాలో పెట్టేశాడు. తర్వాత నవ్వాడు. "మా ఇంటామె అంటనే ఉంటది, నీకు గిన్నె కడుగుడు సుత రాదని." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఖాదర్ తమ్ముళ్లు వచ్చి నడిబజార్లో తిడుతుంటే తలవంచుకుని నిలబడ్డాడు. నా దుకాణంలోంచి చూశాను. ఆ తర్వాత ఏది అతికినా వేడినీళ్లతో తోమీ తోమీ అతడి వేళ్లు పగిలేవి. చివరికి దుకాణం ఎత్తేసి, కల్హేర్ వెళ్లి ఆటో నడుపుకున్నాడు.

ఊరి మీద నాకు ఇప్పటికీ కోపమే. "నువ్వతికిన చెవి ఏది?" అని ఒక్కడూ అడగలేదు. పుస్తకాలు చదివేవాడి అతుకు ఊడదని ఎవడు చెప్పాడు వీళ్లకి? మొగులయ్య మీదా కోపమే. తన చేతిని నమ్మక నా నోటిని ఎందుకు నమ్మాడు? ఊళ్లో ఎవడైనా అడిగి ఉంటే చెప్పేవాడినా? ఏమో. చెప్పేవాడిని కాదనే అనుకుంటున్నాను.

ఖాదర్ పోయాడు. మొగులయ్య ఉన్నాడు, ఇప్పటికీ గురువని దండం పెడతాడు. చెబితే క్షమిస్తాడు, అతడి గుణం అలాంటిది. అయినా చెప్పలేదు, ఇక చెబుతానని మాట ఇవ్వను కూడా. ఆ చెవి నేను అతికింది. చూసి, తెలిసి, అబద్ధమాడాను. ఇంతవరకు ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు కాదు.