మగ్గం కొయ్యతో చేసిన మొదటి పెట్టె

1978వ సంవత్సరం. తిరుత్తణిలో కొండకు పోయే రోడ్డు మీద ఒక వడ్రంగి షాపులో నేను పనికి చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వయసు మాత్రం ముప్ఫై దాటింది. మాది నేత ఇల్లు. పవర్‌లూములు వచ్చాక మా చేతిమగ్గం మీద పూట గడవడం కష్టమై, మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె పక్కనపెట్టి రంపం పట్టాను. ముప్ఫై ఏళ్ల మనిషి పలక మీద అ ఆలు దిద్దుతుంటే ఎలా ఉంటుందో, మేస్త్రి ముందు నా పని అలా ఉండేది. ఆయన తమిళాయన. మంచివాడే, కానీ నేను చిత్రిక పట్టిన చెక్కను వేలితో తడిమి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు వింటే నాకు ఒళ్లు మండేది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించేది.

ఒకరోజు మా వీధి మునెమ్మత్త షాపుకు వచ్చింది. ఆమె భర్త చెంగయ్య మామ మా వీధిలో పేరున్న నేతగాడు. వాళ్లది గుంటమగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. మోకాళ్లు అరిగిపోయి మామ ఆ గుంటలోకి దిగలేకపోయాడు. మగ్గం విప్పి గోడకు చేర్చారు, గుంట పూడ్చేశారు. ఆనాటి నుంచి ఆయన ఉలుకూ పలుకూ లేకుండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

"పిలిస్తే అన్నానికి లేవడు. మనిషి నా కండ్ల ముందరే అయిపోతా ఉండాడు నాయనా" అంది అత్త.

ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ మగ్గం కొయ్యతో గట్టి పెట్టె చేయించాలి. బట్టలు పెట్టుకోవడానికని మామతో చెప్పి ఒప్పించింది. అసలు సంగతి నాకొక్కడికే చెప్పింది. కింద కూర్చోలేని మనిషి కదా, వాకిట్లో ఆ పెట్టె మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్లతో నాలుగు మాటలైనా మాట్లాడతాడని ఆమె ఆశ. మరి కుర్చీ కొనరాదా అని అడిగాను. కొన్నదట. మామ లేచి దాని మీద ఉతికిన బట్టలు ఆరేసి, మళ్లీ మంచమెక్కాడట.

ఈ పని నువ్వే చెయ్యి, మీ వీధివాళ్లే కదా అన్నాడు మేస్త్రి. నాకు సంతోషం, దాని వెనకే దడ. అది చెడిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో మగ్గం లేదు.

కొయ్య వేగిస. ఎన్నేళ్లదో గానీ ఇనుములాగా ఉంది. పాత ఇళ్లనుంచి వచ్చే కొయ్యలో విరిగిన మేకులు దాక్కుని రంపం పళ్లు తినేస్తాయి. మగ్గానికి ఆ బాధ లేదు, అంతా కొయ్య చీలలూ తాళ్లే. కోయడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు చూద్దును కదా, కర్ర పొడుచుకుంటూ మామ షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మేకు కొట్టొద్దు అబ్బయా. దాని ఒంట్లో ఇంతవరకూ మేకు దిగలేదు" అన్నాడు. పక్కనున్న టేకు చెక్కల దొంతి మీద కూర్చున్నాడు. మర్నాటి నుంచి రోజూ వచ్చి అక్కడే కూర్చునేవాడు.

మేకులు లేకుండా పెట్టె మూలలు నిలవాలంటే డవ్‌టెయిల్ జాయింట్ వెయ్యాలి. ఒక పలక అంచును పావురం తోకలాగా కోసి, రెండో పలకలో అదే ఆకారానికి చోటు చెక్కి, ఒకదానిలో ఒకటి దిగేట్టు చేస్తారు. కొత్తవాడికి చుక్కలు చూపించే పని అది. చెక్క ముక్కల మీద ఎంత సాధన చేసినా, అసలు పెట్టె మొదటి మూలలో వేలిగోరు దూరేంత సందు మిగిలింది. మేస్త్రి నిట్టూర్చాడు. ఈసారి మామ కూడా నిట్టూర్చాడు.

అంతకన్నా పెద్ద చిక్కు మూలల దాకా రాకముందే, జిగురుతో వచ్చింది. మగ్గం కొయ్యలు సన్నవి, నాలుగు వైపులకూ కావలసిన వెడల్పు రావాలంటే అంచుకు అంచు అతకాలి. దానికి వాడేది వజ్రం, పశువుల తోలు ఉడకబెట్టి తీసే జిగురు. అతికి, బిగించి, మర్నాడు విప్పితే పలక రెండు ముక్కలై చేతిలోకొచ్చింది. మళ్లీ అతికాను. మళ్లీ ఊడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మామ లేచి వచ్చి ఆ అంచును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గంజి, నూనె. అన్నేళ్లు పడుగు నూలుకి పెట్టినదంతా దీని ఒంట్లోకి పోయుండాది. నువ్వు పైపైన గీకినావు."

నిజమే. ఆయన చూస్తుండగా, అన్నేళ్లు ఆయన చేతులు పడి వచ్చిన ఆ నున్నటి మెరుపును చెక్కెయ్యడానికి చెయ్యి రాక, పైపైనే చిత్రిక పట్టాను. ఆ మాట ఆయనతో అనలేక తల గోక్కున్నాను. ఆయనకు అర్థమైంది. కాసేపు ఆ కొయ్యను అరచేత్తో నిమిరాడు.

"పట్టు. లోపల కొయ్య కనపడేదాకా పట్టు" అన్నాడు. పొట్టు లేస్తున్నంతసేపూ కళ్లు తిప్పకుండా చూశాడు. ఆ వజ్రం ఇక ఊడలేదు.

పెట్టె పూర్తయ్యేసరికి కొండమీది స్వామికి ఆడి కృత్తిక పండుగ వచ్చింది. భుజాన మొక్కు కావళ్లతో కొండకు పోయే జనంతో రోడ్డు నిండిపోయింది. నేను పెట్టెను భుజానికెత్తుకుని బయలుదేరితే, ఏదో మొక్కు అనుకున్నారేమో, జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నాకూ అలాగే అనిపించింది.

వాకిట్లో దించగానే అత్త కొంగుతో తుడిచి, రా, కూచో అంది. మామ ఒకడుగు వెనక్కి వేశాడు.

"మగ్గం మీద ఎవురైనా కూచుంటారా?"

చిన్నప్పటినుంచి మగ్గానికి కాలు తగిలితే చేత్తో తాకి కళ్లకద్దుకున్నవాణ్ణి. అత్తా అంతే. ఎత్తు చూశాను, బరువు ఆగుతుందా అని చూశాను, ఈ ఒక్కటీ మా ఇద్దరికీ తట్టలేదు. అత్త ముఖం వాడిపోయింది. ఇంత పనీ బూడిదపాలైందనుకుని నేను గోడకు చేరగిలపడ్డాను.

మామ మాత్రం పెట్టెను నెట్టుకుంటూ లోపలికి తీసుకుపోయి, పూడ్చిన గుంట ఉన్న చోట పెట్టాడు. అటకమీదున్న రాట్నాన్ని దించమన్నాడు. దాన్ని పెట్టె మీద ఉంచి, వంగి ఒకసారి తిప్పి చూశాడు.

"అబ్బయా, ఒక పీట చేసియ్యి. మామిడి చెక్కైనా సరే. కూచునేది మగ్గం మీద కాదు, మగ్గం ముందర."

మర్నాడే పీట ఇచ్చాను, మూరెడెత్తున. దాని మీద కూర్చుని ఆయన వీధిలో ఇంకా ఆడుతున్న మగ్గాలకు, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఎన్ని పెట్టెలు, బీరువాలు, మంచాలు చేశానో. ఎవరొచ్చినా టేపు తీసేముందు, ఇది ఎవరికి, ఎక్కడ పెడతారు, ఏం చేస్తారు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ ఏడాదే ఒక మధ్యాహ్నం వాళ్లింటి మీదుగా పోతుంటే లోపల రాట్నం చప్పుడు వినిపించింది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఎట్లా ఉన్నాడు అత్తా అని అడిగాను.

"ఏం చెప్పేది నాయనా. ఇప్పుడూ అంతే, పిలిస్తే అన్నానికి లేవడు" అంది, నవ్వు ఆపుకోలేక. "చేతిలో కండె అయిపోవాలంట."