ముదిరి ఆజ్ఞ అయిన మాట

నేను చెప్పేవాటిలో సగం కోతలని గల్ఫ్‌కొచ్చి నేనుంటున్న ఘుబ్రాలో మా రూమ్ వాళ్లందరికీ తెలుసు. నిజ్వా ఎండలో కారు బానెట్ మీద పెసరట్టు పోసుకున్నానని చెప్పి, అల్లం చట్నీ ఎక్కడిదని అడిగినవాడికి కూడా జవాబు చెప్పినవాణ్ణి. నన్ను నమ్మింది ఒక్క మనిషే. నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో వంట చేసే కడప చెల్లెమ్మ.

ఆమె కూతురికి తొలిచూలు. పురుడు పుట్టింట్లోనే పోయాలి. కూతురికి ఎనిమిదో నెల వచ్చేసరికల్లా చెల్లెమ్మను ఊరికి పంపిస్తానని ఆ ఇంటి మేడమ్ మాటిచ్చింది. ఏడు నిండినా టికెట్ ఊసే లేదు.

మేడమ్ కూతురు అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ చదువు. ఇంగ్లీషు ఆమె సబ్జెక్టు. ఒకరోజు కారులో పాఠం వల్లెవేస్తూ, తనకొచ్చిన హిందీలో నాకూ చెప్పింది. బిహెస్ట్ అని ఒక పాత మాట ఉందట. ఇప్పుడు ఆజ్ఞ అని అర్థం. మొదట్లో మాత్రం ఒట్టు, ఇచ్చిన మాట. బైబిల్లో దేవుడు ఇస్తానన్న నేలను కూడా ఒకప్పుడు ఆ మాటతోనే చెప్పుకునేవారట. రానురాను ఆ అర్థం చచ్చిపోయి ఆజ్ఞ ఒక్కటే మిగిలింది.

నా నోరు ఊరుకుంటుందా? వంటగదిలో టీ తాగుతూ దానికి తోకా కొమ్ములూ తగిలించాను.

"చెల్లెమ్మా, పూర్వం ఇంగ్లండులో యజమాని పనిమనిషికి మాటిస్తే అది రాజాజ్ఞే. తప్పినవాళ్ల నాలిక నల్లబడిపోయేదంట. వీళ్లమ్మాయి పుస్తకంలోనే ఉంది."

"నిజమేనా అన్నా? నీ పెసరట్టు మాదిరి కాదు గదా?"

"నీ మీద ఒట్టు."

మర్నాడు ఆమె తిన్నగా మేడమ్ ముందు నిలబడి, అదే చెప్పి టికెట్ అడిగింది. మేడమ్‌కు కోపం రాలేదు. కూతుర్ని పిలిచి, పుస్తకంలో అలా ఉందా అంది. ఆ పిల్ల బుద్ధిగా ఉన్నదున్నట్టు చెప్పింది: ఆ అర్థం ఎప్పుడో పోయింది, ఇప్పుడు ఆజ్ఞే. మేడమ్ నవ్వి, "అయితే ఇది ఆజ్ఞే. ఈద్ దాకా ఉండు" అంది. అడగకపోతే ఇన్షా అల్లా, దేవుడి దయుంటే చూద్దాం అనైనా అంటూ ఉండేది. ఈద్ నాటికి పురిటి స్నానం కూడా అయిపోతుంది.

చెల్లెమ్మ నన్ను తిట్టలేదు. ఫోన్ చేతిలో పెట్టింది.

"నేను రాలేనని మా పాపకు నువ్వే చెప్పన్నా. నువ్వైతే బాగా అల్లుతావు."

ఇసుక తుఫాను, విమానాలు ఆపేశారు అన్నాను.

"ఎన్నాళ్లుంటాది మామా?"

"ఈద్ దాకా."



"సరేలే మామా. అమ్మను వేళకు అన్నం తినమను" అని పెట్టేసింది.