ఊళ్ళో లాయరు మిగల్లేదు

గుంటూరులో నేను కోర్టు వార్తలు రాసే రోజుల్లో, గేటు దాటి లోపలికి వచ్చిన కక్షిదారు ఒంటరిగా నిలబడే వీలుండేది కాదు. చేతిలో సంచీ, మొహంలో అయోమయం కనిపిస్తే చాలు, "ఏం కేసు బాబాయ్?" అంటూ ఒక గుమాస్తా వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. అతని వెనకాలే నల్లకోటు. లాయర్లు ఎక్కువై ఇబ్బందిపడ్డ మనుషుల్ని చూశాను గానీ, లాయరు దొరక్క ఇబ్బందిపడ్డ మనిషిని అక్కడ చూడలేదు. ఇప్పుడు నేనుంటున్న ఐర్లండ్ ఊరు ఎన్నిస్‌లో చూశాను.

మా వరసలో రెండిళ్ళ అవతల ఉండే భార్యాభర్తల సంగతి ఇది. ఇద్దరిదీ తెనాలి వైపు. అతను దగ్గర్లోని షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆమె నర్సింగ్ హోములో ముసలివాళ్ళను చూసుకునే కేరర్. ఆదివారం పక్క నగరం లిమరిక్‌లో జరిగే తెలుగు ప్రార్థనకు ఒకే కారులో వెళ్ళేవాళ్ళు. విడిపోదామనుకున్నాక కూడా అలాగే వెళ్ళారు. ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరికే పరిస్థితి లేదు కాబట్టి అతను మేడమీది చిన్నగదిలోకి మారాడు. బయటికి కనిపించిన మార్పు అంతే.

ఆమె చెల్లెలు స్కాట్లండ్‌లో, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. అక్కడి ఆసుపత్రిలో ఈమెకు ఉద్యోగం ఇస్తామన్నారు, వేసవి చివరిదాకా ఆగుతామన్నారు. కూతుర్ని తీసుకుని వెళ్ళిపోవాలని ఆమె కోరిక. పిల్లను దేశం దాటించడానికి అతను ఒప్పుకోలేదు. తండ్రి ఒప్పుకోకపోతే కోర్టు అనుమతి కావాలి. విచారణకు తేదీ వచ్చింది. అతనికి లాయరున్నాడు. ఆమెకు లేడు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే మా ఇంటికి వచ్చింది.

"వందనాలు అంకుల్. మీరు కోర్టుల్లో తిరిగినోళ్ళు కదా. ఒకటి చెప్పండి. నేనేమన్నా హత్య చేశానా?"

"ఏమైందమ్మా?"

"ఏ లాయరాఫీసుకి ఫోన్ చేసినా ముందు బానే మాట్లాడతారు. నా పేరు, ఆయన పేరు అడుగుతారు. ఒక్క నిమిషం అంటారు. మళ్ళీ వచ్చి సారీ, మేం తీసుకోలేం అంటారు. ఎందుకండీ అంటే చెప్పరు."

చెప్పకపోవడంలోనే నాకు సంగతి కొంత అర్థమైంది. కేసులో ఒక పక్షం గోడు విన్న లాయరు రెండో పక్షానికి నిలబడకూడదు. అరగంట విన్నా విన్నట్టే. ఫలానావాళ్ళు మా దగ్గరికి వచ్చారని చెప్పడం కూడా తప్పే. మన దగ్గరా ఈ నియమం ఉంది. కానీ ఒకరు కాకపోతే పక్క గదిలో ఇంకొకరుంటారు కాబట్టి దాని బరువు ఎవరికీ తెలియదు.

"మీ ఆయన ఎంతమందిని కలిశాడు?" అని అడిగాను.

ఆమె నవ్వింది, ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

"ఫ్రిజ్ కొనడానికి ముగ్గుర్ని అడిగాడు అంకుల్. నన్ను వదిలించుకోడానికీ ముగ్గుర్ని అడిగుంటాడు."

ఊళ్ళో లాయర్ల బోర్డులు చాలానే ఉన్నాయి. ఇళ్ళ రిజిస్ట్రేషన్లకూ వీలునామాలకూ కొదవలేదు. లీగల్ ఎయిడ్ మీద, అంటే సర్కారు ఇచ్చే ఫీజుకు, కుటుంబ కేసులు తీసుకునేవాళ్ళే తగ్గిపోయారు. ఇల్లు కొన్నప్పుడు భార్యాభర్తలిద్దరి తరఫునా చూసిన ఆఫీసు ఎలాగూ ఎవరి వైపూ రాదు. మిగిలినవాళ్ళలో ఒక పెద్దాయన పోయిన ఏడాది మానేశాడు. ఆయన ఆఫీసులో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. చదువు పూర్తయిన కుర్రవాళ్ళు డబ్లిన్‌లో కంపెనీల పనికి వెళ్ళిపోతున్నారు. ఆ కొద్దిమంది తలుపులే అతను వరసగా తట్టాడు. లిమరిక్‌లో అడిగితే శరదృతువు దాకా ఖాళీ లేదన్నారు. సర్కారు న్యాయసహాయ కేంద్రంలో పేరు రాసుకుని, వరసలో ఉండమన్నారు.

మా వంటింట్లోంచే ఆమె చెల్లెలికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది.

"ఇక్కడా అంతేనే అక్కా," అంది చెల్లెలు. "మా ఊళ్ళో లీగల్ ఎయిడ్ కేసులు చూసే ముసలాయన మానేశాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలా. మా ఫ్రెండ్ కేసుకి లాయరమ్మ ఫెర్రీ ఎక్కి వస్తంది. గాలొస్తే ఫెర్రీ ఉండదు, లాయరూ ఉండదు. పోనీ ఏఐని అడిగావా?"

"అడిగా. ఇంగ్లండ్ చట్టం చెప్పింది. నేనున్నది ఐర్లండ్, వచ్చేది స్కాట్లండ్. మధ్యలో ఇంగ్లండ్ ఎందుకొచ్చిందో దానికే తెలియాలి."

ముగ్గురం నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఆమె టీ తాగలేదు.

ఆ వారంలోనే, చెత్తడబ్బా బయట పెడుతూ అతను కనిపించాడు. లాయర్ల సంగతి అడిగితే దాచలేదు.

"కలిశానంకుల్. మన దగ్గర ఒక్క లాయరు మాటే నమ్మి ఎవరన్నా కోర్టుకెళ్తారా? ఒక డాక్టరు ఆపరేషనంటే ఇంకో డాక్టర్ని అడగమా? అట్లాగే అడిగాను. దానికి ఎవరూ మిగలరని నాకేం తెలుసు?"

"ఇప్పుడు తెలిసింది కదా."

అతను డబ్బా మూత నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. "పిల్ల నా దగ్గరుండాలి అంకుల్. ఆ మాట మీదే ఉన్నాను. కానీ మా ఆవిడ నోరు కట్టేసి గెలిచానని మన వాళ్ళంతా అంటారు. రేపు పిల్లా అంటుంది."

మర్నాడు సెలవు పెట్టి, తాను కలిసి వదిలేసిన లాయర్లలో ఒకాయన దగ్గరికి వెళ్ళాడు. నాకు అభ్యంతరం లేదు, నా భార్య కేసు మీరే తీసుకోండి అన్నాడట. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కుదరదన్నాడట.

"నువ్వు ఒప్పుకున్నా, నేను విన్నదాన్ని వినలేదనుకోలేను అన్నాడంకుల్. ఆయన దగ్గర మా ఆవిడ గురించి ఏమేం అన్నానో గుర్తొచ్చి, టీ సగంలోనే లేచొచ్చేశా."

విచారణ రోజున ముగ్గురం అతని కారులోనే వెళ్ళాం. ఆ వేళకు బస్సు లేదు. ఇక్కడ కుటుంబ కేసులు తలుపులు మూసి వింటారు. పత్రికలో పనిచేసినవాణ్ణయినా, ఇరుగుపొరుగువాణ్ణయినా, నేను వరండాలో కూర్చోవలసిందే. అతను తన లాయరుతో లోపలికి వెళ్ళాడు. ఆమె ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. తలుపు దగ్గర ఒకసారి పక్కకు చూసింది, ఎవరో రావలసి ఉన్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళింది.

ఎక్కువసేపు పట్టలేదు.

"జడ్జిగారు మంచోరే అంకుల్," అంది బయటికి వచ్చి. "లాయరు లేకుండా ఇంత పెద్ద విషయం వినను, ఎవర్నన్నా చూసుకుని రా అన్నారు. ఆయన లాయరు కూడా అడ్డం చెప్పలా. వేసవి అయ్యాక పెట్టారు."

వేసవి అయ్యాక ఆ ఉద్యోగం ఉండదు. అది ఆమె చెప్పలేదు, నేనూ అనలేదు. వాయిదా పడితే వార్త కాదని మా డెస్కులో నియమం. ఎన్ని వాయిదాలు అలా పక్కన పడేశానో.

కారు దగ్గర ఆమె వెనక తలుపు తీసుకుని కూర్చుంది. అతను, "అంకుల్, మీరు ముందుకు రండి," అన్నాడు. తర్వాత అద్దంలోకి చూస్తూ, "స్కూలు దగ్గర ఆగాలా?" అని అడిగాడు.

"ఆగు. వదిలే టైమే."

పాప పరిగెత్తుకొచ్చి వెనక ఎక్కింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి యాసలో, మాట చివర 'లైక్' తగిలించి, ఇంగ్లీషులో ఇస్తుంది.

"సో ఆర్ వీ గోయింగ్, ఆర్ వాట్?"

"ఇంకా తెలీదమ్మా," అంది తల్లి.

"దెన్ హూ నోజ్, లైక్?"

అతను ఇండికేటర్ వేశాడు. రోడ్డు మీద బండి ఒక్కటీ లేదు. అయినా చాలాసేపు కారు కదపలేదు.