రైల్వే గేటు అవతల ఇళ్లు

ఇరవై రెండేళ్లుగా ఫైరింజన్ నడుపుతున్న ఆయన్ని ఫైర్ స్టేషన్లో అందరూ బాబాయి అనే పిలిచేవారు. మైకు ముందు నిలబడడం మాత్రం ఆయనకు అదే మొదటిసారి. రైల్వే గేటు అవతల ఎనిమిది వందల ఇళ్లకు అనుమతి ఇవ్వాలా వద్దా అని నగర కౌన్సిల్ ఆ రోజు తేల్చాలి. మంటలు రేగితే ఏడు నిమిషాల్లో ఇంజన్ చేరుతుందని బిల్డర్ నివేదికలో ఉంది. ఆ ఇళ్ల పనికి మేస్త్రీగా కుదిరిన ఆయన బావమరిది వెనక వరుసలో కూర్చుని, కళ్లార్పకుండా బాబాయినే చూస్తున్నాడు.

"ఏడు నిమిషాలు చాలు కదా?" అని మేయరమ్మ అడిగింది.

బాబాయి మైకు దగ్గరికి వంగాడు. "చాలవమ్మా. నిన్న పొద్దున నీళ్లు నింపుకుని నేనే నడిపి చూశాను. గేటు పడింది. పంతొమ్మిది నిమిషాలు పట్టింది."

హాల్లో గోల మొదలైంది. "గేటు రోజూ పడుతుందా ఏంటి?" అని ఒక సభ్యుడు కసిరాడు.

"రోజుకి నలభైసార్లు పడుతుందండీ. గేటు తీసేదాకా మంట ఆగదు కదా!"

గంటసేపు వాదులాడుకున్నాక చేతులెత్తారు. గేటు అవతల ఫైర్ స్టేషన్ కట్టాకే ఇళ్లు కట్టాలని ఒక్క ఓటు తేడాతో తేలింది.

"నా నోటికాడి కూడు లాగేశావు బావా," అని మెట్ల మీద బావమరిది మొహం తిప్పుకున్నాడు.

ఆర్నెల్లు ఇద్దరికీ మాటల్లేవు. కొత్త స్టేషన్‌కి పునాదులు తీసిన రోజు బావమరిదే టేపు పట్టుకుని వచ్చి, తలెత్తకుండా అడిగాడు: "ఇంజన్ పట్టాలంటే తలుపు ఎంత వెడల్పు ఉండాలి బావా?"