బాపు తెచ్చిపెట్టిన పుల్ల ద్రాక్ష

మా చిన్నప్పుడు... భివండిలో సాంచాల చప్పుడు మధ్య కూడా బాపు దగ్గు మాకు విడిగా వినిపించేది. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం, నాయినను బాపు అంటాం. దగ్గు వినగానే అమ్మ చేతిలో పని ఆపి అటే చూసేది...

దూది దుమ్ము ఛాతీలో పేరుకుందని, సాంచాల పని మానాల్సిందేనని డాక్టరు చెప్పాడు. బాపుకు వేరే పని రాదు. పక్కనే ఉన్న కాల్హేర్‌లో గోదాముల లారీ నడిపే మా మేనమామ, ఇగత్‌పురి కొండల దగ్గర ఒక ద్రాక్షతోటలో పని చూపించాడు. వైన్ కోసం పెంచే ద్రాక్ష అది.

"కొండగాలి బావా... దుమ్ము లేదు, ధూళి లేదు. మంచిగైతవ్," అన్నాడు మామ.

బాపు వెళ్లాడు... ఇల్లు బోసిపోయింది.

చలికాలం చివర్లో మామ మమ్మల్ని లారీలో అక్కడికి తీసుకెళ్లాడు. ముందురోజే వాన పడిందట. తోటంతా తెల్లటి పొగమంచు... ఆకుల చివర్ల నుంచి నీటి చుక్కలు. బాపు మేస్త్రీని అడిగి, ఒక గుత్తి తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. చిన్నచిన్న పండ్లు, నిండా గింజలు. చెల్లి ఒకటి కొరికి మొహం ముడిచింది.

"గింత పుల్లగున్నయేంది బాపు?"

"ఈడ సల్లగుంటది గద బిడ్డా, పండు నిమ్మళంగ పండుతది. ఎండకు జెల్ది పండితె ఉత్త తీపే. గీ పులుపుంటేనే వైన్‌కు రుచట. తేమకు బూజు పడ్తది... అందుకే ఆకులు తెంపి గాలాడేటట్టు చేస్తున్నం..."

చెబుతూనే దగ్గు అందుకుంది. భివండిలో కన్నా ఎక్కువగా... తీగల కర్ర పట్టుకుని నిలబడిపోయాడు.

తోటకు పడిన ఆ చల్లగాలి బాపుకు పడలేదు. ఆయాసం ఎప్పటినుంచో పెరుగుతోందట. మాకు చెప్పలేదు.

అమ్మ అక్కడే గోనెసంచిలో ఆయన బట్టలు సర్దేసింది. "తోట సంగతి వాళ్లు చూసుకుంటరు. నువ్వు నడువు మాతోని."

బాపు తీగల వైపు తిరిగాడు.

"ఈడ నాకు మంచిగనిపిచ్చిందే... చప్పుడు లేదు," అన్నాడు.

అమ్మ సంచి లారీలో పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుని లారీ ఎక్కింది. వెనకే బాపూ ఎక్కాడు.

తర్వాత భివండి పక్కనే అంజూర్ ఫాటాలో ఒక గోదాము గేటు దగ్గర కాపలా కూర్చునే పని బాపుకు దొరికింది. నేను పదో తరగతి పాసైన ఏడాది బాపు పోయాడు...

ఇప్పుడు సెలవు దొరికితే చాలు, జనం కార్లలో ఆ తోటలకు వెళ్తున్నారు. ఫోటోలు పెడుతున్నారు. నేనూ చూస్తుంటాను...

మీ ఇళ్లలోనూ పనిలోనే అరిగిపోయిన నాయినలు ఉండే ఉంటారు. వాళ్ల ప్రాణం ఒక్కసారైనా ఎక్కడ హాయిగా ఉందో మీకు తెలిస్తే... కింద రాయండి. అన్నీ చదువుతాను.