తల ఎటుంటే కేసు అటు

హైవే పెట్రోలింగ్ హెడ్ కానిస్టేబుల్ యేసుదాసు మొహమాటం ఎరగని మనిషి. హెల్మెట్ పెట్టుకోలేదని ఓ ఆదివారం తన చర్చి పాస్టరుకే చలానా రాసి, ఆ వెంటనే లోపలికెళ్లి ఆయన ప్రసంగం విన్నాడు. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ వంతెన నడుమనున్న తెల్లగీత దాకా అతని పరిధి. గీత దాటితే మహారాష్ట్ర. సరిగ్గా గీత మీదే ప్రమాదం జరిగితే రెండువైపుల వాళ్లూ పాటించే లెక్క ఒకటుంది: తల ఎటుంటే కేసు అటు. ఏ చట్టంలోనూ లేదది. శవాలను పంచుకోవడానికి పుట్టిన లెక్క.

నిరుడు గీతకు అవతల పడి ఉన్న ఒకణ్ని జాలిపడి ఆసుపత్రికి చేర్చాడు. పరిధి ఎందుకు దాటావని మెమో ఇచ్చారు. ఆరు నెలలు సంజాయిషీలు రాసి రాసి యేసుదాసుకు బుద్ధొచ్చింది. పాడు బుద్ధి.

మొన్న మార్చిలో, మిట్టమధ్యాహ్నం, ఒక లారీ మోటార్‌సైకిల్‌ను గుద్ది ఆగకుండా పోయింది. బండి ఇవతల పడింది. మనిషి కాళ్లూ ఇవతలే. తల మాత్రం గీతకు జానెడు అవతల. యేసుదాసు అవతలి ఠాణాకు ఫోన్ చేశాడు. "నిఘాలో, నిఘాలో" అన్నారు మరాఠీలో, బయల్దేరామని.

అంతలో పడినవాడి చెయ్యి కదిలింది.

"సార్, పానముంది! మన బండ్లేసి దవాఖానకు తోల్నా?" అన్నాడు డ్రైవర్ హరీష్.

"ఆగు. వాళ్లొస్తుండ్రు. అంబులెన్సు గూడ వాళ్లే తెస్తరు."

"జర పానీ..." అన్నాడు పడినవాడు. యేసుదాసు విన్నాడు. విని కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాలకు అవతలి జీపు వచ్చింది. అప్పటికి నీళ్లడగడానికి మనిషి లేడు.

చనిపోయింది ఖైసర్, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సాయంత్రం అతని భార్య వజీరున్నీసా, ఆ వేళకు దగ్గరున్న పోలీసులెవరని అడుగుతూ వంతెన దగ్గరికి వచ్చింది.

"పానం శానసేపు కొట్టుకుందా సార్?"

హరీష్ తల తిప్పుకున్నాడు. యేసుదాసు, "లేదు తల్లీ. ఆడికాడనే పోయిండు" అన్నాడు.

ఆమె ఏడుస్తూనే అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"దిక్కులేనోని లెక్క పోయిండనుకున్న సార్. మీరు పక్కకున్నరు. గంతే చాలు."