నేను మార్చని స్టేషన్

మా మరిది ఏ తప్పూ చేయలేదు. ఈ ఒక్క మాటను ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకొని తిరుగుతున్నాను. అన్నం తింటున్నా, నలుగురిలో నవ్వుతున్నా అది బరువుగా అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

మేడ్చల్‌లో మా గల్లీకంతా రైలు టికెట్లు తీసేది నేనే. చవక దారులు వెతకడం నాకు పిచ్చి. సికింద్రాబాద్ నుంచి బెర్తు లేకపోతే, బండి బయలుదేరే ఊరి నుంచే టికెట్ తీస్తాను. అక్కడి కోటాలో దొరుకుతుంది, తత్కాల్ కంటే తక్కువే పడుతుంది. తర్వాత, ఎక్కే స్టేషన్‌ను సికింద్రాబాద్‌కు మార్చాలి. మార్చకపోతే మనం రాలేదనుకొని టీసీ ఆ బెర్తు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఇవన్నీ నీకెలా తెలుసమ్మా అని అందరూ మెచ్చుకుంటుంటే ఉబ్బిపోయేదాన్ని.

మా అత్తకు గొంతు క్యాన్సర్. ఆపరేషన్‌కు ముంబై రమ్మన్నారు. ఆ టికెట్లూ అలాగే, విజయవాడ నుంచి తీశాను. స్టేషన్ మార్చడం మరిచిపోయాను. ఎందుకు? పనుల్లో పడి అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. కాదు. ఎంత మిగిల్చానో చుట్టాలకు ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకోవడంలో పడి మరిచిపోయాను.

శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు అత్తను మరిది తన ఆటోలో తెచ్చాడు. దారిలో ఆమెకు వాంతులైతే ఆగి ఆగి వచ్చాడు. అయినా బండి ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉంది. నేను ముందుగా పరుగెత్తాను.

"మీరు విజయవాడల ఎక్కలే గదమ్మా. వేరేటోళ్లకిచ్చిన," అన్నాడు టీసీ.

విన్నది నేనొక్కదాన్నే. బతిమాలాను. ఎక్కడా ఖాళీ లేదు. కూర్చోలేని మనిషిని జనరల్ డబ్బాలో ఎలా ఎక్కిస్తాం? వెనక్కి తిరిగితే మా ఆయన, ఆ పక్కనే తల్లిని పట్టుకొని మరిది.

"ఏమైంది వదినా?"

"గింత లేటుగ వస్తే ఉంచుతరా? సీటు వేరేటోళ్లకిచ్చిండు."

"నా వల్లనేనా?"

"మరెవరి వల్ల?"

నోరు జారిందా? లేదు. తెలిసే అన్నాను.

ఆపరేషన్ తప్పిపోయింది, మళ్లీ తారీఖు దొరికేలోపే అత్త పోయింది. ఆ రోజు వెళ్లి ఉంటే బతికేదా? ఏమో. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం పూర్తిగా నా పాపమే. మా దగ్గర తల్లికి చిన్న కొడుకే కొరివి పెడతాడు. మరిది స్నానం చేసి, తడి బట్టలతో నిప్పుకుండ అందుకోబోయాడు. మా ఆయన లాక్కున్నాడు.

"అమ్మను సంపినోడివి, నువ్వు పెడ్తవా కొరివి?"

మరిది వెనక్కి జరిగాడు. పాడె వెనకాల పరాయివాడిలా నడిచాడు. నేను గడపలో కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. అత్త కోసం ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మరిది ఆటో అమ్మేసి చెరువులో చేపలు పట్టుకుంటున్నాడు. నేనెదురైతే తలవంచుకుంటాడు. చెబితే మా ఆయన నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? ఆ భయం ఉంది, దాచను. ధైర్యం చేసి చెప్పినా, అన్నదమ్ములు కలిస్తే కలుస్తారేమో గానీ, ఆ తల్లికి అతను ఇంక కొరివి పెట్టలేడు. ఆ నిప్పుకుండ లాక్కున్నది మా ఆయన కాదు, నేను. క్షమించమని మిమ్మల్ని అడగను. ఒక్కసారైనా అబద్ధం కలపకుండా చెప్పాను, అంతే. కాస్త ఊపిరి ఆడుతోంది.